జోలె పట్టిన గాయకుడు – ఘంటసాల

పులివెందుల తాలూకాలోని కొత్తపల్లెలో 1908వ సంవత్సరము నవంబరు 16వ తేదీన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి జన్మించెను. మద్రాసు చేరి, బి. ఎన్. రెడ్డి అను పేర చలనచిత్ర దర్శకుడై, 1939లో 'వందేమాతరము' చిత్రముతో వాహినీ సంస్థకు గౌరవము గడించినవాడాయన. 1944వ సంవత్సర ప్రాంతమున ఒకనాడు ఆయన యెదుటను, నటగాయకుడు చిత్తూరు నాగయ్యగారి యెదుటను ఒక కృష్ణాజిల్లా యువకుడు నిలిచి పాడెను. వయస్సు ఇరువది దాటినది. జైలు నుండి విడుదలయై యెంతో కాలము కాలేదు. క్రొత్తగా వివాహమైనది. చేతిలో విజయనగర సంగీత కళాశాల యిచ్చిన పట్టము తప్ప మరి యే ఆస్తియు లేదు. ఇరువురును విని సంతోషించిరి. అవకాశము వచ్చినపుడు తప్పక పిలిచెదమని మాట యిచ్చిరి. మద్రాసులో అట్టి మాటలు దినమునకు నూరు వినబడును. వానిలో నిలిచినవి కొన్నియే. ఇది నిలిచినది.

ఆ యువకుని పేరు ఘంటసాల వేంకటేశ్వరరావు. తరువాతి ముప్పది యేండ్లు తెలుగువారి చెవులలో మారుమ్రోగిన కంఠ మతనిదే. ఆ కంఠము సముద్రములు దాటి లండనులోను న్యూయార్కులోను వినబడినది. కాని అది తయారైనది సభలలో కాదు, ఆకలిలో.

గుడివాడ చేరువనున్న చౌటపల్లె గ్రామమున 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన ఆయన జన్మించెను. తండ్రి సూర్యనారాయణ, తల్లి రత్నమ్మ. తండ్రి మృదంగము నేర్చినవాడు. నారాయణతీర్థుల తరంగములు మధురముగా పాడువాడు. కృష్ణాతీరపు భజన గోష్ఠులలో తరంగములు పాడుట కేవలము గానము కాదు. గాయకుడు పాడుచు నర్తించును, చుట్టును జనము వంత పాడును. తండ్రి ఆ గోష్ఠులకు కుమారుని భుజముపై నెక్కించుకొని వెళ్ళెడివాడు. పాట సాగుచుండగా బాలుడు తాళమునకు తగినట్లు చిందులు వేసెడివాడు. చూచినవారు ముచ్చటపడి బాలభరతుడని పిలిచిరి. చదువుకన్న ముందు లయ అబ్బినది. ఇది గమనింపదగిన విషయము. తరువాతి కాలమున ఆయన పద్యము చదివినను, గద్యము పలికినను, లోపల నొక తాళము నడుచుచునే యుండెడిది.

బాలుడు పదునొకండు పండ్రెండేండ్ల వయస్సు దాటకమునుపే తండ్రి కన్నుమూసెను. కుమారుడు గొప్ప సంగీత విద్వాంసుడు కావలెనన్నది ఆయన చివరి కోరిక. మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య కుటుంబ భారము వహించెను. కాని తండ్రి కోరిక తీర్చు మార్గము బాలునకు వెంటనే తోచలేదు. ఒకసారి సమీప గ్రామమున జరిగిన కచేరీలో విద్వాంసులతో పోటీపడి ఓడి, నవ్వులపాలయ్యెను. ఆనాటి అవమానము లోపల నాటుకొన్నది. తెలిసిన విద్వాంసుల యిండ్లకు పోయి, వారి బట్టలుతికి, వంటచేసి పెట్టి, అందుకు ప్రతిగా విద్య నేర్పుదురేమోనని ఆశించెను. ఇంటిపని చేయించుకొన్నంత శ్రద్ధతో పాఠము చెప్పినవారు లేరు. రెండేండ్లు పని యెక్కువ, పాఠము తక్కువగా గడచినవి.

విజయనగరములో మహారాజావారి సంగీత కళాశాల కలదని, అచ్చట క్రమమైన శిక్షణ దొరకునని వినెను. 1919లో స్థాపితమైన ఆ కళాశాలకు తొలి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. తరువాత వాయులీన విద్వాంసులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ పీఠము నలంకరించిరి. చేతి ఉంగరము నమ్ముకొని బాలుడు విజయనగరము చేరెను. ఉంగరము విలువ నలుబది రూపాయలు. అవసరము తెలిసిన బేరగాడు ఎనిమిది రూపాయలిచ్చెనందురు. చేరునప్పటికి వేసవి సెలవులు, కళాశాల మూసియున్నది. ప్రార్థింపగా కళాశాల ఆవరణలో పండుకొనుటకు అనుమతి దొరకినది. దినమున కొక యింట భోజనము, అనగా వారములు చేసుకొనుట కుదిరినది. ఆ కాలపు పేద విద్యార్థుల కది సామాన్యమైన యేర్పాటే.

కాని ఆ కొద్దిపాటి నీడయు నిలువలేదు. తోటి విద్యార్థులు చేసిన తప్పు అతనిపై పడి, ఆవరణ నుండి వెడలవలసి వచ్చెను. అపవాదు కాళ్ళు లేకయే పరుగెత్తును. వారములిచ్చు గృహస్థులును ఇక రావలదనిరి. బాలుడు ఎల్లమ్మ గుడిలో తలదాచుకొనెను. అట్టి స్థితిలో అతనిని చూచి, సంగతి విచారించి, చేయి పట్టుకొని యింటికి తీసికొనిపోయిన పుణ్యపురుషుడు పట్రాయని సీతారామశాస్త్రిగారు. సాలూరు చినగురువుగారని వారికి పేరు. ఆ కళాశాలలోనే గాత్ర విద్యాగురువులు. వారు పాట నేర్పుటకు ఒక్క కానియు నడుగలేదు. అయితే వారును పేదవారే. శిష్యునకు విద్య పెట్టగలిగిరిగాని, రెండు పూటల అన్నము పెట్టగల శక్తి వారికి లేకపోయెను.

అపుడొక సాధువు అతనికి జోలె కట్టి మధుకర వృత్తి చూపెను. భుజమున జోలె, వీధివీధి తిరుగుట, గుమ్మము ముందు నిలుచుట, దొరికిన ముద్ద తెచ్చుకొనుట. ఉదయము తెచ్చిన అన్నములో కొంత రాత్రికని గుడ్డలో మూటగట్టి యుంచిన, చీమలు పట్టెడివి. గిన్నె కొనుటకు డబ్బు లేదు. మేనమామకు జాబు వ్రాయగా ఆయన కొంత పంపెను. దానితో ఒక రేకు డబ్బా కొని, అందులో అన్నము దాచుకొనెను. ఒక మహాగాయకుని జీవితములో రేకు డబ్బాకు చోటేమియని కొందరు తలపవచ్చును. కాని విద్యార్థులు తెలిసికొనవలసిన విషయములలో ఇది మొదటిది. ఆ డబ్బా వచ్చిన తరువాత అతడు రాత్రిపూట నిశ్చింతగా సాధన చేయగలిగెను.

సెలవులు ముగిసిన పిదప కళాశాలలో ప్రవేశము దొరకినది. గురువుగారి యింటి సాధన ముందే జరిగియుండుటచే, నాలుగేండ్ల పాఠ్యక్రమమును రెండేండ్లలో ముగించెను. శాస్త్రిగారి బోధనలో ఒక ప్రత్యేకత యుండెను. వారు స్వయముగా సాహిత్యము కూర్చువారు; రాగమునకు ఎంత విలువ యిత్తురో మాటకు నంత విలువ యిచ్చెడివారు. కంఠమును బిగించి అరచుట వారికి గిట్టదు. కంఠము తెరచి, నాభి నుండి నాదము తీసి, అక్షరము స్పష్టముగా పలుకుట వారి పద్ధతి. ఘంటసాల పాట వినిన ప్రతివారికి మొదట తోచు గుణమిదే గదా! ఆ గుణమునకు మూలము విజయనగరములోని ఆ పేద యింట నున్నది.

పట్టము పుచ్చుకొని స్వగ్రామము చేరి, ఉత్సవములలో కచేరీలు చేయుచు, పిల్లలకు పాఠములు చెప్పుచుండగా 1942 ఆగస్టు వచ్చెను. క్విట్ ఇండియా ఉద్యమమున వేంకటేశ్వరరావు పాల్గొని అరెస్టయ్యెను. పదునెనిమిది మాసములు బళ్ళారిలోని అల్లీపురము జైలులో గడపెను. నాడు బళ్ళారి దత్తమండలములలో నొకటి. కడప, అనంతపురము, కర్నూలు జిల్లాలతో పాటు మద్రాసు రాష్ట్రములోనిది. 1953లో గాని అది మైసూరులో చేరలేదు. కృష్ణాడెల్టాలో పెరిగిన గాయకుడు రాయలసీమ యెండను మొదట రుచిచూచినది ఆ కారాగృహములోనే. అచ్చట పొట్టి శ్రీరాములుగారి వంటి దేశభక్తుల సాన్నిధ్యము లభించినది. ఖైదీల మధ్య పాటకు కొదువ లేదు. శ్రుతిపెట్టె లేక, మృదంగము లేక, కేవలము కంఠముతో వందలమందిని కట్టివేయు నేర్పు అచ్చట మరింత పదును దేరియుండును.

విడుదలయైన పిదప, 1944లో మేనకోడలి వరుసయైన సావిత్రితో వివాహము జరిగినది. తన పెండ్లికి తానే కచేరీ చేసిన పెండ్లికొడుకు బహుశః ఆయన యొక్కడే. వధువు ఊరు రేపల్లె తాలూకాలోని పెదపులివర్రు. సినీకవి సముద్రాల రాఘవాచార్యులుగారి స్వగ్రామము నదే. రాఘవాచార్యులుగారు ఆ గొంతు విని, పల్లెలో నుండక మద్రాసు రమ్మని సలహా యిచ్చిరి. రైలు ఖర్చు ఎట్లో కూర్చుకొని వెళ్ళెను. ఆచార్యులవారి యిల్లు చిన్నది. వారిని ఇబ్బంది పెట్టుట యిష్టము లేక, పగలు అవకాశములకై తిరిగి, రాత్రులు పానగల్ పార్కులో పండుకొనెడివాడు. నాగయ్యగారికిని బి. ఎన్. రెడ్డిగారికిని ఆయనను పరిచయము చేసినదియు రాఘవాచార్యులుగారే. ఆకాశవాణి మద్రాసు కేంద్రమున బాలాంత్రపు రజనీకాంతరావుగారు లలితగీతములు పాడుట కవకాశ మిచ్చిరి. ఘంటసాల బలరామయ్యగారి 'సీతారామ జననము'లో బృందగానమున గొంతు కలిపెను; చిన్న వేషమును వేసెను. 'త్యాగయ్య', 'యోగి వేమన' చిత్రములలోను అట్టి చిన్న వేషములే.

ఇంతలో బి. ఎన్. రెడ్డిగారు మాట నిలుపుకొనిరి. 1945లో ఆయన 'స్వర్గసీమ' తీయుచు, భానుమతిగారితో కలిసి పాడుటకు వేంకటేశ్వరరావును పిలిచిరి. మైకు ముందు నిలిచిన యువకుడు వణకెను. నాగయ్యగారును, భానుమతిగారును ధైర్యము చెప్పి పాడించిరి. పాటకు నూటపదునారు రూపాయలు ముట్టినవి. జోలె పట్టిన చేతికి అది పెద్ద మొత్తమే.

ఆ చిత్రమును గూర్చి మరియొక ముచ్చట కలదు. పావురమును సంబోధించుచు భానుమతిగారు పాడిన పాట ఆంధ్రదేశము నూపివేసినది. దాని బాణీకి ప్రేరణ 1941లో హాలీవుడ్‌లో తయారైన 'బ్లడ్ అండ్ శాండ్' చిత్రములో రీటా హేవర్త్ నోట వినబడు స్పానిషు పాట. ఎక్కడి స్పెయిను, ఎక్కడి పులివెందుల! మద్రాసు స్టూడియోలో పులివెందుల తాలూకా దర్శకుని చేతి మీదుగా స్పానిషు స్వరము తెలుగు మాట తొడుగుకొని, ఊరూరి టూరింగు టాకీసులలో మ్రోగినది. ఆ చిత్రములోనే కృష్ణాతీరపు తరంగముల బిడ్డ మొదటి పాట పాడినాడు. సంగీతమునకు సరిహద్దు లెంత పలుచనివో చెప్పుట కింతకన్న నిదర్శనము వలదు.

తరువాత ఎదుగుదల వేగముగా సాగినది. 1948లో 'బాలరాజు', 1949లో 'మనదేశము', 'కీలుగుఱ్ఱము', 1950లో 'లక్ష్మమ్మ', 'షావుకారు' చిత్రములకు సంగీతము కూర్చుటలోనో, పాడుటలోనో, రెండింటిలోనో ఆయన చేయి యున్నది. కాని ఇంటింట పేరు వెలసినది 1951లో. ఆ సంవత్సరము మార్చిలో విజయావారి 'పాతాళభైరవి' వెలువడెను. విజయా సంస్థ అధిపతులలో నొకరైన బి. నాగిరెడ్డిగారు బి. ఎన్. రెడ్డిగారి తమ్ములు, కడప జిల్లా పొట్టిపాడులో 1912లో జన్మించినవారు. దర్శకులు కె. వి. రెడ్డిగారు తాడిపత్రివారు. తాడిపత్రిని దాటిన పెన్నేరే గండికోట లోయ గడచి జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా సాగును. ఆ యేటి యొడ్డువారు, కృష్ణ యొడ్డు గాయకుడు, తెనాలి వాస్తవ్యులు చక్రపాణిగారు, పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు కలిసి కూర్చిన ఆ జానపద కథ 1952 ఆరంభమున బొంబాయిలో జరిగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవమునకు దక్షిణ దేశము నుండి యెన్నికైనది.

అదే సంవత్సరము చివర బి. ఎన్. రెడ్డిగారి 'మల్లీశ్వరి' విడుదలయ్యెను. కృష్ణరాయల కాలపు కథ. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు తొలిసారిగా చలనచిత్రమునకు పాటలు వ్రాసిరి. సంగీతము సాలూరి రాజేశ్వరరావుగారిది. కవి మాట నలుగకుండ, సంగీత దర్శకుని మెళకువ జారకుండ, నాయకుని విరహమును పలికించుట ఘంటసాలకు పడిన పరీక్ష. మేఘమును దూతగా పంపు ఆ యుగళగీతమును విన్నవారు ఆయన నెగ్గెనని ఒప్పుకొందురు. 1953లో ఆ చిత్రము చైనా భాషలో వ్యాఖ్యాక్షరములతో చైనా దేశమున ప్రదర్శితమైనది. ఆ విధముగా ఆయన దేహము సముద్రము దాటుటకు పదునెనిమిదేండ్ల ముందే, ఆయన కంఠము హిమాలయములు దాటినది.

1953లో 'దేవదాసు', 1957లో 'మాయాబజారు', 1963లో 'లవకుశ' – ఈ పేర్ల నెన్ని చెప్పినను జాబితా తరుగదు. 'మాయాబజారు'లో సాలూరివారు కొన్ని బాణీలు కట్టి విరమించుకొనగా, మిగిలిన భారము ఘంటసాలపై పడినది. ఎచ్చట ఒకరి చేయి విడిచి రెండవవారి చేయి పట్టుకొన్నదో సామాన్య శ్రోత కనిపెట్టలేడు. నాగేశ్వరరావుగారికి పాడునపుడు గొంతు కొంత మెత్తబరచి, రామారావుగారికి పాడునపుడు కొంత గంభీర మొనరించి, కండ్లు మూసికొని విన్నను నటుడు కనబడునట్లు పాడెడివాడు. ఇదియు గొప్ప విద్యయే. ఐనను ఉపాధ్యాయులు, విద్యార్థులు ఆయనకు ఋణపడియున్నది వేరొకందుకు. అది పద్యము.

ఆయనకు పూర్వము తెలుగు నాటకరంగమున పద్యపఠనము రాజ్యమేలినది. గొప్ప గొప్ప నటగాయకులు ఒక్కొక్క పాదము చివర దీర్ఘముగా రాగము సాగించి, ప్రేక్షకులచే వన్స్‌మోర్ అనిపించుకొనెడివారు. ఆ గానములో శక్తి యున్నది, సందేహము లేదు. కాని పలుమార్లు పద్యము రాగము క్రింద నలిగెడిది. పాట ముగియుసరికి కవి యేమన్నాడో వినువానికి గుర్తుండదు. ఘంటసాల రాగమును కుదించెను. యతి దగ్గర కాక, అర్థము తెగిన చోట ఆగుట మొదలిడెను. సమాసమును ముక్కలు చేయడు, క్రియాపదమును మ్రింగడు, సంబోధనమును సంబోధనముగానే పలుకును. రసము పట్టి రాగమును, భావము పట్టి స్వరస్థాయిని ఎన్నుకొనెను. తరగతి గదిలో పద్యమునకు పదవిభాగము, అన్వయము చెప్పుటకు ఉపాధ్యాయుడు అరగంట శ్రమపడును. ఆ పని ఘంటసాల మూడు నిమిషములలో చేసెను. చదువురాని రైతునకును ఆ పద్యము అర్థమైనది.

గ్రామఫోను యంత్రము కూడ ఇందుకు కొంత తోడ్పడినది. నాటి రికార్డు ఒక్కొక్క ప్రక్క సుమారు మూడు నిమిషములు మాత్రమే మ్రోగును. అంత కొద్ది కాలములో పద్యములు, భావము, విషాదము అన్నియు ఇముడవలెను. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి 'పుష్పవిలాపము', 'కుంతీకుమారి' ఖండికలను ఆయన రికార్డు చేసినపుడు ఆ యిరుకుదనమే అందమైనది. కరుణశ్రీగారు గుంటూరులో అధ్యాపకులు. వారి కవిత అప్పటికే పండితులకు తెలియును. రికార్డు వచ్చిన పిదప ఆ పద్యములు పాఠశాల వార్షికోత్సవములకు వచ్చినవి. పూవుల మొరను ఘంటసాల ఫక్కిలో వినిపింపని పద్యపఠన పోటీ తెలుగుదేశమున అరుదు. ఆయన విరుపులు, ఆయన నిట్టూర్పులు సైతము బాలురు అనుకరింతురు. అనుకరణ మంచిదా యని పండితులు తర్కింపవచ్చును. ఆ తర్కమున కూడ ఒక తరము పిల్లలకు పద్యము కంఠస్థమైన మాట కాదనలేరు.

ప్రొద్దుటూరువారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఆ యూరి అగస్త్యేశ్వరాలయమున ప్రదక్షిణములు చేయుచు పుట్టపర్తి నారాయణాచార్యులుగారు 'శివతాండవము'ను పాడుకొనుచు కూర్చిరి; తెలుగు రానివారును ఆ లయకు పరవశించిరి. పద్యము కాగితముపై నుండునది కాదు, గొంతులో నుండునది. ఆచార్యులవారు కవిగా నిరూపించిన దానిని ఘంటసాల గాయకుడుగా నిరూపించెను.

సంపాదన బాగుగనే యుండెను. మద్రాసు త్యాగరాయనగరులో ఉస్మాను రోడ్డున ఇల్లు ఏర్పడెను. వ్యాపారములో మాత్రము ఆయన కదృష్టము లేదు. 1953లో 'పరోపకారము', 1956లో 'సొంతవూరు', 1960లో 'భక్త రఘునాథ్' – ఈ మూడు చిత్రములును తానే నిర్మించెను. మూడును ధనమును తెచ్చుటకు బదులు తీసికొనిపోయినవి. పాడుటలో చూపిన పొదుపు నిర్మాణములో చూపలేదేమో! ఆ నష్టములు తీర్చుటకు విశ్రాంతి లేక పాడవలసి వచ్చెను. ఆయన పాడిన వేలాది పాటలలో అన్నియు ఒక్క మేలైనవి కావు. సాహిత్యము తేలికయైనవియు, బాణీ పలుచనైనవియు కలవు. కాని ఉచ్చారణ జారిన పాట వెదకినను దొరకుట కష్టము.

గురుఋణము మాత్రము ఆయన మరువలేదు. సీతారామశాస్త్రిగారు 1957లో పరమపదించిరి. వారి కుమారుడు, ఘంటసాలకన్న రెండేండ్లు పెద్దయైన పట్రాయని సంగీతరావుగారు, అంతకుముందే మద్రాసు చేరి, ఆయనకు సహాయకుడై, హార్మోనియము దగ్గర కూర్చుండెను. విజయనగరములో తండ్రి యింట మొదలైన సంబంధము మద్రాసులో కుమారునితో ఇరువది యేండ్లు సాగినది. ఎవరు గురువు, ఎవరు శిష్యుడు, ఎవరు యజమాని అను లెక్కలు ఆ యిరువురి నడుమ నిలువలేదు.

1970వ సంవత్సరమున భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదు నిచ్చెను. ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో హైదరాబాదు లాల్‌బహదూర్ క్రీడాస్థలమున వేలాది జనుల నడుమ ఆయన గాన రజతోత్సవము జరిగెను. తిరుమల తిరుపతి దేవస్థానము ఆస్థాన విద్వాంసునిగా గౌరవించెను. ఏడుకొండలవానిపై ఆయన పాడిన పాట వినబడిన పిదపనే తెర లేచుట తెలుగు జిల్లాల సినిమా హాళ్ళలో చిరకాలము ఆచారముగా నుండెను. ఊరి చివర పొలములలో నున్నవారు ఆ పాట విని, ఆట మొదలగుచున్నదని వడివడిగా నడచెడివారు.

1971లో ఆయన ఇంగ్లండు, జర్మనీ, అమెరికా దేశములలో పర్యటించెను. ఈ పర్యటన అర్థము తెలియవలెనన్న కాలము తెలియవలెను. 1965లో అమెరికా వలస చట్టము మారినది. అంతవరకు ఆసియావారికి దాదాపు మూసియున్న తలుపులు వైద్యులకు, ఇంజనీర్లకు తెరచుకొన్నవి. గుంటూరు, విశాఖ, కర్నూలు వైద్య కళాశాలలలో చదివిన యువకులు ఒక్కరొక్కరుగా వెళ్ళి, తెలుగు మాట వినబడని నగరములలో కాపురములు పెట్టిరి. వారికి సంఘములు లేవు, దేవాలయములు లేవు. ఉత్తర అమెరికా తెలుగు మహాసభ మొదటిసారి జరిగినది 1977లో. అట్టివారి యెదుట ఘంటసాల నిలిచి పద్యము పాడెను. ఐక్యరాజ్యసమితిలోను ఆయన గానము వినబడినది.

ప్రపంచమున ఇతర భాషల గాయకులును ఇట్లు దేశములు గెలిచినవారు కలరు. అర్జెంటీనా దేశమునకు చెందిన కార్లోస్ గార్డెల్ స్పానిషు భాషలో టాంగో పాటలు పాడి, పారిస్, న్యూయార్కు నగరములలో చిత్రములలో నటించి, ఖండాంతర ఖ్యాతి నొంది, 1935లో విమాన ప్రమాదమున మరణించెను. గార్డెల్ పాటను స్పానిషు మాటలాడు ఇరువది దేశములు తమదనుకొన్నవి. ఘంటసాలకు వెనుక నున్నది ఒక్క భాషా ప్రాంతము. ఆయన తమిళ, కన్నడ చిత్రములలోను పాడెను గాని, విదేశ వేదికపై తెలుగు మాటను విదేశీయుల రుచికై మార్చలేదు. వినుటకు వచ్చినవారు తమవారే. వారు కోరినది పరాయి సొగసు కాదు, ఇంటి పలుకు.

తిరిగి వచ్చిన పిదప ఆరోగ్యము క్షీణించెను. మధుమేహము ముందు నుండియు పీడించుచున్నది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేయుచుండగా గుండెనొప్పి వచ్చెను. ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చెను. కోలుకొన్న తరువాత ఆయన మనస్సు సినిమా పాటపై నిలువలేదు. భగవద్గీతను తెలుగు తాత్పర్యముతో పాడవలెనను కోరిక బలపడెను. ఏడువందల శ్లోకములలో నూరింటికి పైగా ఏరి, ఒక్కొక్క సందర్భమునకు తగిన రాగము కూర్చి, శ్లోకము వెంట తెలుగు మాట పలికెను. సంస్కృతము రానివాడు వెనుకబడరాదన్న జాగ్రత్త అందు అడుగడుగున కనబడును. పూర్వపు కంఠదార్ఢ్యము అప్పటికి తగ్గినది. శ్వాస కొంత కురుచయైనది. శ్రద్ధగా విన్నచో అది తెలియును. విచిత్రమేమన, ఆ తగ్గుదలయే ఆ గీతకు నిండుదనము తెచ్చినది. అందు ప్రదర్శనము లేదు. ఒక వృద్ధుడు కాని వృద్ధుడు నెమ్మదిగా కూర్చుండబెట్టి చెప్పుచున్నట్లుండును. ఆ పనిలోను హార్మోనియము దగ్గర తోడున్నది గురుపుత్రుడు సంగీతరావుగారే.

1974వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన మద్రాసులో ఘంటసాల కన్నుమూసెను. వయస్సు ఏబదియొక సంవత్సరములు. గీత రికార్డులు అంగళ్ళకు వచ్చుట ఆయన చూడలేదు. అవి వెలువడిన పిదప గుళ్ళలో, ఇండ్లలో, ముఖ్యముగా మరణము సంభవించిన వాకిళ్ళలో మ్రోగినవి. పులివెందులలోనైనను, జమ్మలమడుగులోనైనను, ఉదయమున వీధి చివర ఆ గొంతు వినబడిన, ఎవరింటనో ఎవరో పోయిరని దారిన పోవువారు గ్రహించి, చెప్పులు విడిచి ఆ యింటివైపు తిరుగుదురు. బి. ఎన్. రెడ్డిగారికి 1974వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము లభించినది. తాను మొదటి పాట పాడించిన యువకుడు అప్పటికి లేడు. ఆయనయు 1977లో గతించెను.

2003లో తపాలా శాఖ ఘంటసాల చిత్రముతో బిళ్ళ వెలువరించెను. సంగీతరావుగారు మద్రాసులోనే యుండి, కూచిపూడి నృత్యనాటకములకు స్వరములు కూర్చుచు, అడిగిన వారికి ఆ దినములు చెప్పుచు, నూరేండ్లు నిండిన పిదప 2021 జూన్‌లో తనువు చాలించెను.